అమ్మాయినే అడగండి

మొన్న బారసాలలో మా ఆడపడుచు అడిగింది. "ఎలాగూ కోసే తీశారు కదా వదినా, మరింక తొమ్మిది గంటలు ఆ పిల్లని నొప్పులు పడనివ్వడం దేనికి? ముందే టేబులెక్కించేస్తే పోయేది కదా." ఉయ్యాల దగ్గర పాట అవుతోంది, నా చేతిలో శనగల పళ్ళెం ఉంది. ఏమీ అనలేక ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సమాధానం నాకు తెలుసు. కానీ శనగలు పంచుతూ చెప్పే సమాధానం కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను స్టాఫ్ నర్సుని. 27 ఏళ్ళు కాన్పుల వార్డుల్లోనే గడిచాయి. శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు వైపు మా ఇల్లు, రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. మా అమ్మాయికి ఇది మూడో కాన్పు. మొదటి రెండూ పెద్దాపరేషన్లే. మూడోసారి నొప్పులు వచ్చేదాకా ఆగుతాను, వీలైతే మామూలుగా కంటాను అంది. రెండు సిజేరియన్ల తర్వాత అలాంటి మాట నేను పనిచేసిన చోటల్లా లేదు. కేసు షీటు మీద ముందు రెండు ఆపరేషన్లని ఉంటే చాలు, 38 వారాలు దాటగానే తేదీ వేసేస్తారు. నేనే ఎన్నో షీట్ల మీద ఎర్ర పెన్నుతో ఆ తేదీ రాశాను.

మొదటి కాన్పు 2018లో. గర్భసంచి ముఖద్వారం తెరుచుకోవడం నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయిందని, ఇక లాభం లేదని ఆపరేషన్ చేశారు. అప్పుడు నాకది మామూలుగానే అనిపించింది, ఎందుకంటే మేమంతా గంటకో సెంటీమీటరు లెక్కన చూడడానికి అలవాటు పడ్డవాళ్ళం. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త సూచనలిచ్చింది. అసలైన నొప్పుల దశ ఐదు సెంటీమీటర్ల నుంచి మొదలవుతుందని, గంటకో సెంటీమీటరు కాలేదన్న ఒక్క కారణంతో తొందరపడొద్దని అందులో ఉంది. అది నేను చాలా ఆలస్యంగా చదివాను. చదివిన రోజు అన్నం సహించలేదు.

రెండో కాన్పు సంగతి చెప్పాలి. ఇది ఇన్నాళ్ళూ బయట చెప్పుకోలేదు. 2021. తేదీ వేసి చేసిన ఆపరేషన్. వెన్నుకి మత్తు ఇంజక్షన్ ఇచ్చారు, పిల్ల మెలకువగానే ఉంది. బాబు పుట్టాడని చెప్పారు. రెండు నిమిషాలకి డాక్టరుగారు మాస్కు గడ్డం కిందకి లాక్కుని తలుపు దగ్గరికొచ్చి, "ఇద్దరు పిల్లలయ్యారు కదా, ఇక పిల్లలు పుట్టకుండా ట్యూబెక్టమీ కూడా చేసేయమంటారా?" అని అడిగారు. నన్ను అడిగారు. నేను సిస్టర్ని కదా, తెలిసినదాన్ని కదా. "చేసేయండి సార్, మళ్ళీ ఇంకోసారి కోత ఎందుకు" అనేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా అల్లుడు స్కూలు మాస్టారు, గట్టిగా మాట్లాడే మనిషి కాదు. గోడకి ఆనుకుని ఉన్నవాడు ముందుకొచ్చి, "అత్తయ్యా, తను మెలకువగానే ఉంది కదా, తననే అడగమనండి" అన్నాడు.

డాక్టరుగారు లోపలికెళ్ళి అడిగారు. వద్దంది.

నా కూతురు ఆకుపచ్చ గుడ్డకి అవతల కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంది. తలుపుకీ ఆ టేబులుకీ మధ్య దూరం పది అడుగులు ఉంటుందేమో. ఆ పది అడుగులు నడిచి ఆమెని అడగాలని డాక్టరుకీ తోచలేదు, కన్నతల్లిని నాకూ తోచలేదు. తర్వాత వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఒకరోజు బాబుకి పాలిస్తూ, తలెత్తకుండానే, "అమ్మా, నువ్వు రోజూ వేరేవాళ్ళకి కూడా ఇలాగే చేస్తావా?" అని అడిగింది.

చేశాను. సంతకాల కాగితం గురించి తెలియనివాళ్ళకి చెబుతాను. మా వార్డులో జిరాక్స్ మీద జిరాక్స్ తీసి అక్షరాలు అలికేసినట్టు ఉండే కాగితం ఒకటి ఉండేది. "తల్లికి గానీ బిడ్డకి గానీ ఏమైనా జరిగినచో వైద్యులకు, సిబ్బందికి ఎటువంటి సంబంధం లేదు" అని రాసి ఉండేది. కింద భర్త లేదా సంరక్షకుని సంతకం అని ఒక గీత. పేషెంటు సంతకానికి గీతే లేదు. భర్త టీకి వెళ్ళి ఉంటే మామగారు, ఆయన లేకపోతే అన్నయ్య. నీలం ఇంకు ప్యాడు తీసుకెళ్ళి బొటనవేలు నేనే అద్దించేదాన్ని. లోపల నొప్పులు పడుతున్న మనిషికి ఆ కాగితంలో ఏముందో ఒక్కరోజూ చదివి చెప్పలేదు. పైగా అందులో రాసిన మాటకి విలువే లేదట. నిర్లక్ష్యం జరిగితే ఏ సంతకమూ డాక్టరుని కాపాడదు.

2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది, సమీరా కోహ్లీ కేసు. 44 ఏళ్ళ ఆవిడ, పెళ్ళి కాలేదు. పరీక్ష కోసం మత్తు ఇచ్చి లోపల చూస్తున్నప్పుడు సాయంగా ఉన్న డాక్టరు బయటికొచ్చి ఆమె తల్లిని అడిగాక, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితి కాదు కాబట్టి, ఆమె మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాల్సిందని, తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు అంది. చేయబోయేదేమిటి, లాభమేమిటి, వేరే దారులున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ పేషెంటుకి చెప్పాలంది. ఆ తీర్పు వచ్చేనాటికి నేను సర్వీసులో ఉన్నాను. మా వార్డులో కాగితం మారలేదు. నేనూ మారలేదు. 2021లో ఆ తలుపు దగ్గర నిలబడ్డ తల్లిని నేనే.

ఇప్పుడు మూడో కాన్పు. నెల తప్పిందని తెలియగానే అంతకుముందు చూపించుకున్న చోటికే వెళ్ళాం. నొప్పుల కోసం ఆగుతానని అమ్మాయి అనేసరికి అక్కడి డాక్టరు ఫైలు మూసేసి, "మా దగ్గర కుదరదమ్మా, అలా కావాలంటే వేరే చోటు చూసుకోండి" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆ చల్లదనానికే నాకు భయం వేసింది.

ఎందుకు భయమంటే, ఆ మాట విన్న మనిషిని ఒకావిణ్ణి నేను చూశాను. చాలా ఏళ్ళ కిందటి సంగతి. సముద్రం పక్క ఊరు ఆవిడది. మొదటిది ఆపరేషన్. రెండోది మామూలుగా కనాలని ఆశ, ఆపరేషనైతే మూడు నెలలు చేపల గంప నెత్తికెత్తుకోలేదు, ఇల్లు గడవదు. అలాగైతే మేం చూడం అని ఎవరో అన్నారట. అంతే, ఇక ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. నొప్పులు మొదలైతే ఇంట్లోనే పంటి బిగువున ఓర్చుకుంది, బాగా ముదిరాక వెళ్తే ఇక కొయ్యడానికి టైముండదని. తెల్లారుజామున ఆటోలో తెచ్చారు. నేనే ముందు చూశాను. "నొప్పులాగిపోనాయి సిస్టరమ్మా" అంది. చాలా నెమ్మదిగా, కాస్త తేలికపడ్డట్టు అంది. నొప్పులు అలా ఉన్నట్టుండి ఆగిపోతే ఏమిటో నాకు తెలుసు. పొట్ట మీద చెయ్యి వేస్తే బిడ్డ మోచెయ్యి చర్మం కిందే తగిలింది, దుప్పటి కింద చెయ్యి తగిలినట్టు. ఫీటోస్కోపు గొట్టం పెట్టి చెవి ఆనించాను. ఒకచోట, ఇంకోచోట, ఇంకోచోట. ఏమీ లేదు. గర్భసంచి కుట్టు దగ్గర విడిపోయి బిడ్డ కడుపులోకి వచ్చేశాడు. తల్లిని బతికించారు, గర్భసంచి తీసేశారు.

ఆ తర్వాత వార్డులో అందరం అన్న మాట ఒకటే, మొండితనం చేసి బిడ్డని పోగొట్టుకుంది అని. నేనూ అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆవిడ అడిగింది మరీ కానిపని కూడా కాదు. ఒక్క సిజేరియన్ తర్వాత నొప్పులతో ప్రయత్నిస్తే నూటికి 72 నుంచి 75 మందికి మామూలు కాన్పే అవుతుంది. కుట్టు విడిపోయేది దాదాపు 200 మందిలో ఒకరికి. ఆ ఒక్కరికి ఆ క్షణంలో పక్కన డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం, థియేటరు ఉండాలి. ఆవిడకి ఉన్నది ఆటో. ఆవిడ ఇంటికి పోలేదు, మనమే పంపాం.

అందుకే మా అమ్మాయిని "కుదరదు" అని పంపేసిన రోజున, దారిలో ఏడు రోడ్ల కూడలి దగ్గర బండి ఆగినప్పుడు నేను వెనక సీట్లో కూర్చుని ఏడ్చాను. ఆపరేషన్‌కే ఒప్పించాలని ఇంటికెళ్ళి బతిమాలాను, ఒట్టు పెట్టాను. నాకైతే ఆపరేషనే మంచిదనిపించింది. ఈ మాట దాచను.

తర్వాత వెళ్ళిన మేడం గురించి రాయాలి, పేరు మాత్రం రాయను. రాత్రింబవళ్ళు మత్తు డాక్టరు ఉండే ఆసుపత్రిలో చూస్తారావిడ. అమ్మాయి చెప్పిందంతా విన్నారు. మధ్యలో ఆపలేదు. తర్వాత నా వైపు తిరిగి, "సిస్టర్, మీరు ఓ పది నిమిషాలు బయట కూర్చుంటారా?" అన్నారు. 27 ఏళ్ళలో నన్ను ఎవరూ పేషెంటు గదిలోంచి బయటికి పంపలేదు. బెంచీ మీద కూర్చున్నాను. మొదట చిన్నతనంగా అనిపించింది. పది నిమిషాలు కాదు, అరగంట అయింది. లోపల్నించి ఒకసారి అమ్మాయి గట్టిగా మాట్లాడడం వినబడింది, ఇంకోసారి ముక్కు చీదుకోవడం. మేడం అడిగిన మొదటి ప్రశ్న, "నీకు నిజంగా కావాలా, లేక అమ్మ మీద కోపమా?" అని అట. ఆ ప్రశ్న నేనున్నప్పుడు అడగలేరు కదా.

నన్ను పిలిచేసరికి ప్రిస్క్రిప్షన్ ప్యాడు వెనక పెన్నుతో గర్భసంచి బొమ్మ గీసి ఉంది, కుట్టు ఎక్కడుందో అడ్డగీత. మేడం ముందు స్కాన్ చూశారు. మాయ కింద కుట్టు మీద కూర్చుని ఉంటే అసలు ఈ చర్చే లేదన్నారు. రెండు ఆపరేషన్లయ్యాక మాయ అలా కిందికుంటే పదిమందిలో నలుగురికి అది గర్భసంచి గోడలోకి దిగిపోతుందట. మా అమ్మాయికి మాయ పైనే ఉంది. అప్పుడు లెక్కలు చెప్పారు. రెండు సిజేరియన్ల తర్వాత ప్రయత్నించినవాళ్ళలో నూటికి 71 మందికి మామూలు కాన్పు అయింది, నూటికి ఒకరికంటే కాస్త ఎక్కువమందికి, 1.36 మందికి, గర్భసంచి చిట్లింది అని. అదే ముందే తేదీ వేసి చేస్తే చిట్లడం దాదాపు ఉండదు, కానీ మూడో కోతకి దాని ప్రమాదాలు దానికున్నాయి, పేగులు, మూత్రసంచి అతుక్కుని ఉండొచ్చు, రక్తం పోవచ్చు అన్నారు. రెండు వైపులా చెప్పారు. భయపెట్టే గొంతుతో ఒకటి, తేలిక గొంతుతో ఇంకోటి చెప్పలేదు. మేం ఆ గొంతుతోనే సంతకం పెట్టించేవాళ్ళం, అందుకే ఆ తేడా నాకు వెంటనే తెలిసింది.

చివర్లో ఇలా అన్నారు. "నా సలహా ఆపరేషనే అమ్మా. ఇవాళా అదే చెబుతున్నాను, వచ్చే నెలా అదే చెబుతాను. అయినా నువ్వు నొప్పులకే ఆగుతానంటే నేను నిన్ను వదిలెయ్యను. ఇక్కడే, నా దగ్గరే ఉండాలి."

ఈ విషయంలో నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మేడం అమ్మాయితో ఏకీభవించలేదు. వదల్లేదు.

డాక్టర్ల కష్టం నాకు తెలియకపోలేదు. మన ఊళ్ళలో మత్తు డాక్టరు రాత్రి ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఇంకో దానికి బండి మీద పరిగెడుతుంటాడు. ఏదైనా జరిగితే చుట్టాలు అద్దాలు పగలగొడతారు. చిన్న ఆసుపత్రి నడిపే డాక్టరు మా దగ్గర కుదరదంటే తప్పనను, నిజంగానే కుదరదు. కానీ ఎక్కడ కుదురుతుందో చెప్పి, అక్కడికి ఫోన్ చేసి, ఫైలు చేతికిచ్చి పంపాలి. ఇంకోటి కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019 నుంచి 2021 మధ్య చేసినది, మన రాష్ట్రంలో కాన్పుల్లో నూటికి 42 సిజేరియన్లని, ప్రైవేటులో 63 అని చెప్పింది. దేశం మొత్తానికి చూస్తే 21.5. మొదటి కోత అంత తేలిగ్గా పెడుతున్నప్పుడు, రెండోసారి, మూడోసారి ఇలా అడిగే ఆడపిల్లలు వస్తూనే ఉంటారు. వాళ్ళకి తలుపు మూస్తే ఎలా?

దీన్ని మామూలు కాన్పు గొప్ప, ఆపరేషన్ తక్కువ అన్నట్టు చదవొద్దు. మేడం స్కాట్లాండ్ కేసు ఒకటి చెప్పారు. నాడీన్ మాంట్‌గోమరీ అని, షుగర్ ఉన్న ఆవిడ, పొట్టి మనిషి. షుగర్ తల్లులకి బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం నూటికి తొమ్మిది, పది. చెబితే ఆపరేషన్ అడుగుతుందని డాక్టరు ఆ సంగతి చెప్పలేదు. 1999లో కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కుని, ఆక్సిజన్ అందక, జీవితాంతం ఉండే వైకల్యంతో పుట్టాడు. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ తల్లి పక్షాన తీర్పిచ్చింది. అక్కడ మామూలు కాన్పు వైపు నెట్టారు, ఇక్కడ కోత వైపు నెడతాం. రెండుచోట్లా మింగేసింది ఆ తల్లికి చెప్పాల్సిన మాటనే.

తర్వాత రెండుసార్లు వెళ్ళినప్పుడు కాగితం రాసుకున్నారు. అచ్చు ఫారం కాదు, తెల్లకాగితం మీద తెలుగులో, అమ్మాయి దస్తూరీతోనే. నొప్పులు రప్పించే మందు పెట్టరు, వాటంతటవి రావాలి. మొదటి నొప్పికే ఆసుపత్రికి రావాలి, ఇంట్లో ఆగకూడదు. రెండు బాటిళ్ళ రక్తం ముందే సిద్ధంగా ఉంటుంది. బిడ్డ గుండె చప్పుడు ఆపకుండా మెషీన్ మీద చూస్తారు, అందుకు మంచం మీదే ఎక్కువసేపు ఉండాల్సి రావచ్చు. గుండె చప్పుడు పడిపోయినా, నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కుట్టు దగ్గర నొప్పి తగ్గకపోయినా, రక్తం కనబడినా, వెంటనే థియేటరు. ఏ క్షణంలోనైనా అమ్మాయి మనసు మార్చుకోవచ్చు. కింద మేడం తన సలహా ఆపరేషనేనని, విని, అర్థం చేసుకుని ఆమె ఈ నిర్ణయం తీసుకుందని రాసి సంతకం పెట్టారు. అమ్మాయి సంతకం పెట్టింది. అల్లుడు పెన్ను తీసుకోబోతే, "మీరక్కర్లేదు బాబూ" అన్నారు మేడం. ఆ కాగితం జిరాక్స్ లేబర్ రూములో ఇచ్చి, నైట్ డ్యూటీ సిస్టర్లని పిలిచి చదివి వినిపించారు. ఇది నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది. డాక్టరు పగలు ఇచ్చిన మాట రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళకి తెలియకపోతే, అర్ధరాత్రి ఆ పేషెంటు మళ్ళీ ఒంటరిదే. మీ ఇష్టానికి మీరు తెచ్చుకున్నారు, పడండి అనే నోళ్ళు మాకుంటాయి. నేనూ అన్నదాన్నే.

కార్తీక సోమవారం సాయంత్రం నాగావళి రేవులో దీపాలు వదిలి వచ్చాం. రాత్రి పదిన్నరకి మొదటి నొప్పి వచ్చింది. పదకొండుకల్లా ఆసుపత్రిలో ఉన్నాం. నన్ను పక్కనుండనిచ్చారు. నడుము రుద్దాను, నీళ్ళు పట్టాను. నర్సు పని చెయ్యలేదు, అమ్మ పనే చేశాను. తెల్లారేసరికి ఏడు సెంటీమీటర్లు. మొదటి కాన్పులో నాలుగు దాటని పిల్ల. "అమ్మా, ఏడటే" అంది, ఆ ముఖం నాకు జీవితాంతం గుర్తుంటుంది.

ఏడున్నర దాటాక, నొప్పి తగ్గినా కింద కుట్టు దగ్గర మంట తగ్గడం లేదంది. నేను మెషీన్ వైపు చూశాను. బిడ్డ గుండె చప్పుడు 140 ఉండేది 90కి దిగి, మెల్లగా, చాలా మెల్లగా ఎక్కుతోంది. మేడం వచ్చి చెయ్యి వేసి చూశారు. వంగి అమ్మాయి ముఖంలోకి చూస్తూ, "మనం రాసుకున్న మాట వచ్చిందమ్మా" అన్నారు.

"నాకూ తెలుస్తోంది మేడం. పదండి" అంది.

ఎవరూ ఎవర్నీ ఒప్పించక్కర్లేదు, పరిగెత్తి కాగితం తేనక్కర్లేదు. రక్తం ఉంది, మత్తు డాక్టరు వచ్చి నిలబడ్డాడు. అరగంట లోపే బిడ్డ చేతిలో ఉంది. ఆడపిల్ల, 2 కిలోల 900. గర్భసంచి తెరవబోతే పాత కుట్టు దగ్గర ఉల్లిపొరంత పల్చబడి ఉందని, అందులోంచి బిడ్డ జుట్టు కనబడిందని మేడం తర్వాత చెప్పారు. ఇంకో గంట ఆగితే ఏమయ్యేదో నాకెవరూ చెప్పనక్కర్లేదు. ఆవిడ సలహాయే సరైనదయిందని మా ఆడపడుచు అంటుంది. సరే. కానీ ఆ సలహాని కాదన్న పిల్ల ఆ ఉదయం ఇంట్లో పళ్ళు బిగించుకుని ఉండకుండా, థియేటరుకి పదడుగుల దూరంలో ఎందుకుందో కూడా చూడాలి కదా వదినా.

మొదటి రెండుసార్లూ కాన్పయ్యాక నెలల తరబడి ఆ రోజు గురించి మాట్లాడనిచ్చేది కాదు. ఈసారి వచ్చినవాళ్ళందరికీ తనే చెబుతోంది, ఏడు సెంటీమీటర్ల దగ్గర్నించి మొదలుపెట్టి.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సంగతి మేడం ఎనిమిదో నెలలోనే ఒకసారి అడిగి ఉన్నారు. చేయించుకుంటానంది. అదీ కాగితంలో ఉంది. అయినా ఆ రోజు బిడ్డని బయటికి తీశాక, చేతులు ఆపి, గుడ్డ పైనుంచి తల ఎత్తి, "అప్పుడు చెప్పిన మాట మీదే ఉన్నావా అమ్మా? వద్దనుకుంటే ఇప్పుడైనా చెప్పు" అని అడిగారు.

"ఉన్నాను మేడం, చేసేయండి" అంది మా అమ్మాయి.

నేను టోపీ, మాస్కు కట్టుకుని ఆకుపచ్చ గుడ్డకి ఇవతల, తన తల దగ్గరే నిలబడి ఉన్నాను.